పరదేశమున కావలివాడు

హైదరాబాదు పాతనగరమున, యాకుత్‌పురా మొదలుకొని బార్కస్ వరకు, పెండ్లి ఊరేగింపుల ముందు మ్రోగెడి మర్ఫా వాద్యమును ఎరుగని వారుండరు. బార్కస్ అను పేరు సైతము సిపాయిల బారకులనుండి పుట్టినదే. సముద్రము దాటి కొలువునకు వచ్చిన అరబ్బు పడుచువాండ్ర జ్ఞాపకములివి. యుద్ధము లేని కాలమున వారిని పోషించిన విధానము మన రైతునకు మిగిల్చినదేమి? వారికే మిగిల్చినదేమి? ఈ ప్రశ్న నేటికిని విచారింపదగినది.

అరేబియా దక్షిణతీరమందలి హద్రమౌత్ వానలు కరవైన సీమ. అచ్చటి యువకులు పొట్ట చేత బట్టుకొని నిజాము కొలువునకు వచ్చిరి. జనులు వారిని చావుషులనిరి. అయితే వారు చేయవలసిన యుద్ధమేది? 1798, 1800 సంవత్సరముల సంధులచే రాజ్యరక్షణభారము కంపెనీ సేనలకు పోయెను. ఆ సేనల వ్యయమునకే బళ్లారి, కడప సీమలు ధారపోయబడి దత్తమండలములైనవి. ఇక అరబ్బు యువకునకు మిగిలినది దేవిడీ వాకిలి కాయుట, ఖజానా బండ్లవెంట నడచుట, శిస్తు వసూలునకు పోవుట.

జీతము నెలనెల చేతికందినచో కావలివాడు కావలివాడుగనే యుండును. బొక్కసము వట్టిపోయి జీతములు నిలిచినప్పుడు కథ మారినది. అరబ్బు జమాదారులు దివాణమునకును జాగీరుదారులకును అప్పులిచ్చిరి. అప్పుక్రింద తాలూకాలు తాకట్టు పడెను. కత్తి పట్టినవాడే వడ్డీవ్యాపారియు, వడ్డీవ్యాపారియే శిస్తు వసూలుదారును ఆయెను. ఇక రైతు ఎవరితో మొరపెట్టుకొనును? 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు ఆ తాలూకాలను విడిపించి, జీతగాండ్రయిన తాలూక్‌దారులను నియమించువరకు ఈ పీడ వదలలేదు.

ఇందు బాగుపడినది సామాన్య సిపాయియా? కాదు. హైదరాబాదులో జమాదారుగా నుండిన ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ సంతతివారు ఇచ్చటి ధనబలముతో హద్రమౌత్‌లో రాజ్యము స్థాపించి, 1881లో ముకల్లాను వశపరచుకొనిరి. ఆ రాజ్యము 1967 వరకు నిలిచినది. సామాన్యుడో, ఇచ్చటి పిల్లను పెండ్లాడి, ఇచ్చటి మాట నేర్చి, ఇచ్చటి మట్టిలోనే కలసెను.

1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించిన పిదప ఆ కొలువు ముగిసినది. పలువురు అరబ్బులు నిర్బంధింపబడిరి, కొందరు ఓడలెక్కింపబడిరి. ఈ నేలనే పుట్టి, ఈ నేల తల్లిపాలు త్రాగినవానికి స్వదేశమేది? నేరము చేసినవానిని దండింపవలసినదే. పుట్టుకను దండించుట న్యాయము కాదు. విధానము ఏలికలది, దండన సిపాయి మనుమనిది! ఆ మనుమలు నేడు మనతోడి పౌరులు. వారిని పరాయివారనుట మానవలెను.

1956 మొదలు 1967 వరకు మన భారతసైనికులును గాజా, సినాయి సీమలలో ఐక్యరాజ్యసమితి పక్షమున కావలి కాచిరి. వారిని పంపిన దేశము వారిది. వారికి జీతమిచ్చినదియు, జవాబు చెప్పించుకొన్నదియు, గడువు తీరగనే ఇంటికి పిలిచినదియు అదియే. భేదమంతయు ఇచ్చటనే యున్నది. శాంతికాలమున సైనికుని ధర్మము ఓర్పు. వానిని నిలిపిన ప్రభుత్వధర్మము సకాలమున జీతము, నిశ్చితమైన గడువు, తప్పుచేసినప్పుడు విచారణ. ఈ మూడును లోపించినచో పరాయిగడ్డపై నిలిచిన పడుచువాడును చెడును, వాని కత్తినీడన బ్రదుకు రైతును చెడును.