అద్దె గడప దగ్గర ఆగిపోయే హక్కు

అమెరికాలో అద్దెకున్నవాడు తన గదిలో తుపాకి పెట్టుకోవచ్చా, కూడదా? ఈ తగాదా మన పేటలకెందుకని కొందరు అడగొచ్చు. కూటికి లేనోళ్లకి తుపాకుల గొడవేంటని ఎగతాళి కూడా చెయ్యొచ్చు. ఎందుకో చెబుతాం. అందరికీ ఇచ్చామని రాజ్యాంగంలో రాసుకున్న హక్కు, సొంతిల్లు లేనివాడి గడప దగ్గరికొచ్చేసరికి ఎందుకాగిపోతుంది? అసలు గొడవ అది. టౌనులో ఇల్లు అద్దెకడిగి, 'మీరేమిటోళ్లు?' అనిపించుకుని, కులం చెప్పాక 'మా బంధువులొస్తున్నారు, ఇవ్వం' అనిపించుకున్న ప్రతివాడికీ ఈ గొడవతో సంబంధముంది.

ముందు చరిత్ర చూడండి. 1857లో డ్రెడ్ స్కాట్ అనే నల్లమనిషి బానిసత్వం నుంచి విడుదల కోరుతూ వేసిన కేసులో, నల్లవాళ్లు అమెరికా పౌరులే కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వీళ్లని పౌరులుగా ఒప్పుకుంటే ఏం ముంచుకొస్తుందో ప్రధాన న్యాయమూర్తి టానీ లెక్కగట్టి చెప్పాడు. ఎక్కడికి పోయినా ఆయుధం పట్టుకుపోయే హక్కు కూడా ఒప్పుకోవాల్సొస్తుందట! అదీ ఆయన భయం.

1865లో బానిసత్వం చట్టంలోంచి పోయింది. ఆ ఏడాదే మిసిసిపి రాష్ట్రం తన 'నల్ల చట్టాలు' చేసుకుంది. విడుదలైన నల్లవాడు పట్టణాల్లో తప్ప ఎక్కడా భూమిగానీ ఇల్లుగానీ అద్దెకు తీసుకోకూడదు. లైసెన్సు లేకుండా తుపాకి దగ్గరుంచుకోకూడదు. రెండు రాతలూ రాసింది ఒకే శాసనసభ. నిలవడానికి జాగా, కాచుకోడానికి సాధనం, ఈ రెండూ లేనివాడు తెల్లారేసరికి మళ్లీ పత్తిచేలోకి రాక చస్తాడా అన్నది తెల్లదొర లెక్క. ఈ లెక్క మన ఊరి భూస్వామికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పటి సంగతికొద్దాం. ఆయుధం ఉంచుకునే హక్కు అమెరికా రాజ్యాంగంలో 1791 నుంచీ ఉంది. ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకి ఉంచుకోవడం ప్రతి మనిషి హక్కని 2008లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు అన్ని రాష్ట్రాలకీ, నగరాలకీ వర్తిస్తుందని 2010లో చెప్పించినవాడు షికాగోకి చెందిన ఓటిస్ మెక్‌డొనాల్డ్. నల్లజాతి ముసలాయన, పాలుకు సేద్యం చేసుకునే పేదల కొడుకు.

మెలిక ఇక్కడే ఉంది. రాజ్యాంగం కట్టేసేది సర్కారు చేతుల్నే, ఇంటి యజమాని చేతుల్ని కాదు. 'తుపాకి కూడదు' అని వాడు అద్దె కాగితంలో రాస్తే చాలు, సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కు ఆ గుమ్మం ముందే ఆగిపోతుంది. కాదంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి. అద్దెదారుని యజమాని అడ్డుకోకూడదని చట్టం చేసుకున్న రాష్ట్రాలు కొద్దే. మిన్నెసోటాలో ఉంది, టెక్సాస్‌లో 2019లో వచ్చింది. సర్కారే యజమాని అయిన పేదల ఇళ్లలోనూ ఇదే పేచీ. రిచ్‌మండ్‌లో అలాంటి నిషేధం చెల్లుతుందని 1990లో ఒక కోర్టంది. ఇంట్లో ఉంచుకోనిచ్చి, వరండాల్లో, మెట్ల మీద కూడదన్న విల్మింగ్టన్ గృహవసతి సంస్థ నియమాన్ని 2014లో డెలావేర్ సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో తన మీద ఇంట్లోనే దాడి జరిగిన ఒక స్త్రీ కోర్టుకెక్కితే, 2019లో అక్కడి సర్కారు ఇళ్లలో నిషేధం పోయింది. పేదవాడు తన గదిలోకి తన హక్కు తెచ్చుకోడానికి కోర్టు మెట్లెక్కాలి. మేడ ఉన్నవాడికి ఆ పని లేదు.

షికాగో సంగతి ఇంకా ఘోరం. అక్కడి సర్కారు ఇళ్లలో ఉండేది దాదాపు అంతా నల్లవాళ్లే. తుపాకులు వెతుకుతామంటూ 1988 నుంచి వారంటు లేకుండానే ఇళ్లలో జొరబడ్డారు. ఇది చెల్లదని 1994లో కోర్టు ఆపితే, ప్రెసిడెంటు క్లింటన్ ఇంకో దారి చూపించాడు. సోదాకి ఒప్పుకుంటున్నామని అద్దె కాగితంలోనే సంతకం పెట్టించుకోమన్నాడు! తలదాచుకోడానికి వేరే దిక్కులేనివాడి సంతకం సమ్మతి ఎట్లవుతుంది? పాలేరు చేత అప్పుపత్రం మీద వేలిముద్ర వేయించుకోవడానికీ దీనికీ తేడా ఏంటి?

ఒక మాట ఒప్పుకుందాం. సోదాలు కావాలన్న తల్లులు కూడా ఆ ఇళ్లలో ఉన్నారు. రాత్రంతా తూటాలు పేలే చోట బిడ్డల్ని పెంచే తల్లి ఆ మాట అంటే తప్పుపట్టలేం. తుపాకి దేవుడని మేం అనడం లేదు. ఇంట్లో తుపాకి ఉంటే అది ముందు ఇంట్లోవాళ్ల మీదికే తిరగొచ్చు. కానీ తీసేస్తే అందరి దగ్గరా తీసెయ్యి. మేడలో ఉంటే ఆత్మరక్షణ, అద్దెగదిలో ఉంటే నేరమా?

పైగా చట్టం ఉన్నా నల్లవాడికి అది కాపలా కాయదు. 1967లో నల్ల చిరుతలు తుపాకులతో పోలీసుల వెంట గస్తీ తిరిగితే, తూటాలు నింపిన తుపాకి బహిరంగంగా పట్టుకోవడం కాలిఫోర్నియాలో నేరమైపోయింది. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున, అక్రమ ఆయుధాలున్నాయన్న వారంటుతో పోలీసులు షికాగోలో ఒక అద్దె ఇంట్లోకి దూరి 80కి పైగా తూటాలు కాల్చారు. లోపల్నుంచి పేలింది ఒక్కటే. 21 ఏళ్ల ఫ్రెడ్ హాంప్టన్, అతని సహచరుడు మార్క్ క్లార్క్ చచ్చిపోయారు. 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఆ పార్టీని చూసే.

2022 ఫిబ్రవరి 2న మిన్నియాపొలిస్‌లో అమీర్ లాక్ అనే 22 ఏళ్ల నల్లయువకుడు బంధువుల అద్దె ఇంట్లో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. దగ్గరున్న తుపాకికి లైసెన్సు ఉంది. వారంటులో అతని పేరు లేదు. పోలీసులు తలుపు కొట్టకుండా తాళంచెవితో వచ్చి, పది సెకన్లలోపే కాల్చి చంపారు. కాల్చినవాడి మీద కేసు కూడా పెట్టలేదు. అద్దెదారునే కాదు, అతనింటికొచ్చిన చుట్టాన్ని కూడా యజమాని అడ్డుకోకూడదని రాసుకున్న మిన్నెసోటాలోనే ఇది జరిగింది. కాగితం యజమానిని ఆపింది, పోలీసు తూటాని ఆపలేదు.

ఇక మన సంగతి. అంబేడ్కర్ 1917లో బరోడా ఉద్యోగానికి పోతే అంటరానివాడికి ఎవరూ గది ఇవ్వలేదు. పేరు మార్చుకుని పార్సీల సత్రంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకుని గుంపుగా వచ్చి వెళ్లగొట్టారు. అద్దె గది మనది, ఆయుధం వాళ్లది! కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో గొడ్డళ్లతో, బరిసెలతో మనల్ని నరికారు. బీహార్‌లో 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన తుపాకులతో వచ్చి 58 మందిని చంపింది. శిక్షపడిన 26 మందిని 2013లో పాట్నా హైకోర్టు వదిలేసింది.

మన దేశంలో ఆయుధం హక్కు కాదు, 1959 చట్టం ప్రకారం లైసెన్సు. అయినా అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో 3వ నియమం చదవండి. దాడులు జరిగే ప్రాంతాల్లో దళితులు, ఆదివాసులు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలు సర్కారులో జమ చేయించుకోవాలని ఉంది. అక్రమ ఆయుధాలు పట్టుకోవాలని ఉంది. దళితులకి, ఆదివాసులకి లైసెన్సులివ్వొచ్చని కూడా ఉంది. రద్దుకీ, ఇవ్వడానికీ 'అవసరమనుకుంటే' అన్న మాట తగిలించారు. అనుకోవాల్సింది ఎవరు? వాళ్లే!

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పేదొకటే. మీ జిల్లాలో లైసెన్సు తుపాకులెన్ని, 3వ నియమం కింద రద్దు చేసినవెన్ని, దళితులకిచ్చినవెన్ని అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబు కాగితాన్ని పేట మధ్యలో చదివి వినిపించండి. తుపాకి కోసం కాదు ఈ అడగడం. మన ప్రాణానికీ దొర ప్రాణానికీ సర్కారు కట్టిన విలువ ఒకటేనా అని తేల్చుకోడానికి.

ఇల్లు యజమానిదే, కాదనం. అద్దె కట్టినన్నాళ్లు గడప లోపలున్న మనిషి మాత్రం వాడి సొత్తు కాదు. ఆస్తి ఉన్నవాడికే పనికొచ్చే హక్కు హక్కు కాదు, ఆస్తికి పెట్టిన కాపలా. షికాగోలో అయినా, మన టౌనులో అయినా!

జై భీమ్!