‘బిగ్ చీజ్’ - ‘నాచీజ్’

మాటకూ అధికారానికీ ఎంత దగ్గరి సంబంధమున్నదో తెలుగులోని ‘పలుకుబడి’ అనే ఒక్క పదమే చాటుతున్నది. భాషలోని నుడికారమూ పలుకుబడే. నలుగురిలో తన మాట చెల్లించుకోగల శక్తి కూడ పలుకుబడే. అట్టి శక్తి గలవారిని మనం ‘పెద్ద తలకాయలు’ అంటాము. ఆంగ్లంలో వారికి ‘బిగ్ చీజ్’ అని పేరు. ఆంగ్లంలో చీజ్ అంటే జున్ను. జున్నుగడ్డకూ ప్రముఖ వ్యక్తికీ పొత్తేమిటని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు.

సమాధానం మన ఉర్దూలోనే కలదు. ఫారసీ నుండి ఉర్దూలోకి వచ్చిన ‘చీజ్’ అనే పదానికి వస్తువు అని అర్థం. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ విషయాన్ని చర్చించింది. వీరిలో బర్నెల్ మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసిన పండితుడు. మేలైన గుర్రాన్నో, చుట్టనో మెచ్చుకుంటూ ‘ఇదే అసలైన చీజ్’ అనడం ఇక్కడి ఆంగ్ల యువకులకు పరిపాటి అనీ, శ్రేష్ఠమైన దానిని ఆంగ్లంలో ‘చీజ్’ అనడానికి ఆ వాడుకే మూలమై ఉండవచ్చుననీ వారి అభిప్రాయం. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో అమెరికాలో దానికి ‘బిగ్’ చేరి, వస్తువు కాస్తా మనిషి అయింది. 1802లో అధ్యక్షుడు జెఫర్సన్‌కు కానుకగా అందిన 1,235 పౌన్ల జున్నుగడ్డను ఈ జాతీయానికి మూలంగా చూపేవారు లేకపోలేదు. కాని ఆ రెంటి నడుమ సుమారు నూరేండ్ల ఎడమున్నది.

ఈ పదానికే ఉర్దూ సభామర్యాదలో మరొక రూపం కలదు. కవి గాని, వక్త గాని తన్ను తాను ‘నాచీజ్’ - లెక్కకు రానివాడు - అని చెప్పుకుంటాడు. సముద్రాలు దాటి అధికారానికి బిరుదైన మాట, పుట్టినింట వినయానికి గుర్తుగా నిలిచింది.

విద్యార్థి లోకంలో నేడు మరొక ఫారసీ మాట తరచుగా వినవస్తున్నది, అది సిఫారసు. సీటుకు సిఫారసు, ఉద్యోగానికి సిఫారసు! పెద్ద తలకాయ అండ లేనిదే చదువు ఫలించదన్న నిరాశ యువతీయువకులలో ప్రబలుతున్నది. విద్యార్థులారా! ‘చీజ్’ దేశాలు దాటింది ఎవరి సిఫారసుతోనూ కాదు. వాడినవారికి పనికివచ్చింది గనుకనే నిలిచింది. మనిషికైనా అదే న్యాయం.

అండలేని కుటుంబాల బిడ్డలకు అండగా నిలవడమే మనవంటి అల్పసంఖ్యాకుల కళాశాలల ధర్మం. కావున ప్రవేశాలలోనూ, విద్యార్థి వేతనాలలోనూ ఉత్తరం పట్టుకొని వచ్చినవాని కంటె ఉత్త చేతులతో వచ్చినవాని అర్హతను ముందుగా విచారించవలెనని కమిటీ పెద్దలకు ఈ నాచీజ్ విన్నపం.