బుర్రకథ కేసెట్లను కాపాడాలి

సినిమా పాటకు కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలకు, బొబ్బిలి యుద్ధం బుర్రకథకు, ఒగ్గుకథకు ఉండేది ఊరికి కొద్దిమందే. ఆ కొద్దిమంది కోసం సొంత డబ్బు పెట్టి కేసెట్లు వేసిన చిన్న వ్యాపారులు ఒక్కొక్కరే దుకాణం కట్టేశారు. వారి బీరువాల్లో మిగిలిన అసలు టేపుల సంగతి పట్టించుకునే నాథుడు లేడు.

పేరు మోసిన నటుల పద్యాలను పెద్ద కంపెనీలు రికార్డులుగా ఇవ్వకపోలేదు. అయితే పాత నల్ల రికార్డు ఒక వైపున పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. రాగం ఎత్తుకుంటే వన్స్‌మోర్లతో పద్యం సాగదీసే మన నటులకు అది ఏ మూలకు? 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన కేసెట్టు 1980 దశకంలో మన దేశంలో ఊరూరా వ్యాపించింది. గంట కేసెట్లు రెండుంటే కథకుడు, ఇద్దరు వంతలు రాత్రంతా చెప్పే కథలో ముఖ్యభాగం పట్టేసేది. పెద్ద పెట్టుబడి అక్కరలేదు గనుకనే చిన్నవాళ్ళు ఇందులో దిగగలిగారు. బస్టాండు కొట్లలో, తిరునాళ్ళలో అమ్ముకున్నారు.

బతికించిన యంత్రమే దెబ్బ కొట్టింది. రెండు కేసెట్లు పట్టే టేపురికార్డరున్న ప్రతి కొట్టులోనూ కాపీలు తీశారు. సినిమా కేసెట్ల కంపెనీకి ఒకచోట నష్టమొస్తే మరో సినిమాలో పూడుతుంది. కొన్ని వందల కేసెట్లు అమ్ముకునేవాడికి బృందానికిచ్చిన సొమ్ము కూడా తిరిగిరాదు. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేలకు తగ్గని జరిమానా అన్నారు. కేసు నడపడానికి వకీలు ఫీజెవరిస్తారు?

ఇప్పుడు అవే కథలను ఎవరో సెల్‌ఫోనులోకి ఎక్కించి లోకానికి వదులుతున్నారు. వినేవారికి సంతోషమే. డబ్బు మాత్రం అటు వ్యాపారికీ లేదు, ఇటు కళాకారుడికీ లేదు. రికార్డింగుకు హక్కు 60 ఏళ్ళు. 1985 నాటి కేసెట్టుకు హక్కుదారు ఇంకా ఉన్నట్టే. పోనీ, హక్కుదారే ఎక్కిస్తే? స్పాటిఫై 2024 నుంచి, ఏడాదిలో కనీసం 1000 సార్లు వినని పాటకు రాయల్టీ లెక్కకట్టడం లేదు. ఊరికి కొద్దిమంది వినే కథకు ఆ లెక్క అందేనా?

వ్యాపారుల తప్పూ లేకపోలేదు. చాలాచోట్ల ఒక్కసారి చేతిలో సొమ్ము పెట్టి పంపేశారు, కాగితం రాయలేదు. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే కళాకారుడికి రాయల్టీ హక్కుందని 2012 సవరణ చెబుతున్నది. కాగితం లేని హార్మోనిస్టు భార్య ఏం చూపించి అడగగలదు? ఇకనైనా రికార్డింగు చేసేవారు బృందంలో ప్రతి ఒక్కరి పేరు, వాటా రాసివ్వాలి. వంతల పేర్లు అట్ట మీద వేయకపోవడం మరీ అన్యాయం.

ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను గ్రామస్థులు కడుతూనే ఉన్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థ హక్కుదారుల అనుమతితో ఈ టేపులను సేకరించి, కొత్త పద్ధతిలో నకళ్ళు తీయించి, శాఖా గ్రంథాలయాల్లో వినిపించే ఏర్పాటు చేయాలి. అటకల మీద పాత కేసెట్లున్నవారు చెత్తలో వేయకుండా గ్రంథాలయాధికారికి చూపించాలి. తేమ తగిలితే టేపుకు బూజు పడుతుంది. వానాకాలం రాకముందే ఈ పని మొదలుపెట్టడం అవసరం.