పి.టి.ఓ. షాఫ్టు: ‘గ్రీజు పెట్టండి’ అన్న సిఫారసు చాలదు

ఎరువు వేయమని రైతుకు సూచించే శాస్త్రవేత్త ఏ ఎరువు, ఎకరాకు ఎంత, ఏ దశలో అన్న వివరాలు చెప్పకుండా సిఫారసును ముగించరు. పురుగుమందు విషయంలోనూ అంతే. యంత్రాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం సిఫారసు తరచుగా ‘గ్రీజు పెట్టండి’ అన్న రెండు మాటలతో ఆగిపోతుంది. ఏ గ్రీజు, ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్న ప్రశ్నలకు సమాధానం డ్రైవరు అలవాటుకో, దుకాణంలో దొరికిన డబ్బాకో వదలివేయబడుతోంది. ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు విషయంలో ఈ లోపం ఖరీదైనది.

రోటవేటరు వంటి పరికరాలకు ఇంజను శక్తి పి.టి.ఓ. ద్వారా అందుతుంది. నిమిషానికి 540 సార్లు తిరిగే ప్రామాణిక షాఫ్టు వ్యాసం సుమారు 35 మిల్లీమీటర్లు. దానిపై 6 స్ప్లైన్లు, అంటే నిలువు గాడుల మధ్య పళ్ళు, ఉంటాయి. భారమంతా ఈ పళ్ళ పక్కతలాల మీదే పడుతుంది. బేరింగులో గుండ్లు దొర్లుతూ తమ కింద నూనె పొరను నిలుపుకుంటాయి. స్ప్లైన్లలో దొర్లడం ఉండదు. రెండు లోహతలాలు గట్టిగా ఒత్తుకొని, కంటికి కనిపించనంత స్వల్పంగా ముందుకూ వెనుకకూ కదులుతాయి. ఆ ఒత్తిడికి నూనె పక్కకు తప్పుకొని, లోహం లోహాన్ని తాకుతుంది. కీలు విప్పినప్పుడు కనిపించే ఎర్రటి పొడి ఈ అరుగుదలకు గుర్తు. దానిని వాన తడికి పట్టిన తుప్పుగా భావించి తుడిచివేయడం పొరపాటు. వెనుక చక్రానికి షాఫ్టు ద్వారా శక్తినందించే మోటారు సైకిళ్ళ స్ప్లైన్లలోనూ ఇదే జరుగుతుంది.

నూనె తప్పుకున్న చోట నిలిచి పనిచేసే ఘన కందెన ఇక్కడ అవసరం. మాలిబ్డినం డైసల్ఫైడ్ అటువంటిది. దాని పలుచని పొరలు ఒకదానిపై ఒకటి సులభంగా జారుతాయి. అందువల్ల 3 నుండి 5 శాతం మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన, అధిక పీడనాన్ని తట్టుకునే లిథియం గ్రీజు స్ప్లైన్లకు తగిన ఎంపిక. చిక్కదనం విషయంలో ఎన్.ఎల్.జి.ఐ. 2వ గ్రేడు సాధారణంగా సరిపోతుంది.

షాఫ్టు పొడవు పెరుగుతూ తగ్గుతూ ఉండే జారుడు భాగంలో గ్రీజు ప్రాధాన్యం మరింత స్పష్టమవుతుంది. 26 కిలోవాట్ల శక్తిని 540 భ్రమణాల వద్ద అందించే షాఫ్టుపై సుమారు 460 న్యూటన్ మీటర్ల టార్కు పనిచేస్తుంది. స్పర్శతలం కేంద్రం నుండి 20 మిల్లీమీటర్ల దూరాన ఉన్నదనుకుంటే, ఘర్షణ గుణకం 0.1 అయినప్పుడు ఆ భాగాన్ని జరపడానికి సుమారు 2,300 న్యూటన్ల బలం కావాలి. గ్రీజు ఎండి గుణకం 0.2కు చేరితే అది 4,600 న్యూటన్లు, అంటే దాదాపు 470 కిలోల బరువుతో సమానం. పరికరాన్ని ఎత్తి దించిన ప్రతిసారీ ఈ తోపుడు ట్రాక్టరు పి.టి.ఓ. బేరింగుల మీద, రోటవేటరు గేరుపెట్టె మీద పడుతుంది. గ్రీజు చేసిన నష్టం గేరుపెట్టె మరమ్మతు బిల్లులో తేలుతుంది. కారణం మాత్రం ఎవరికీ తట్టదు.

పొలం పరిస్థితి కూడా ఎంపికను నిర్ణయించాలి. వరి దమ్ములో బురదనీరు నిరంతరం తాకుతుంది. సోడియం సబ్బుతో చేసిన గ్రీజు నీటిలో కరిగిపోతుంది. సాధారణ కాల్షియం గ్రీజు నీటిని తట్టుకున్నా వేడిని తట్టుకోలేదు. కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు రెండింటినీ తట్టుకుంటుంది, ధర ఎక్కువ. మెట్ట దుక్కిలో శత్రువు నీరు కాదు, దుమ్ము. బయటకు పొంగిన గ్రీజుకు దుమ్ము అంటుకుంటే అది సానపట్టే ముద్దగా మారుతుంది. పాత గ్రీజును తుడిచి, శుభ్రమైన తలంపై పలుచగా పూయడమే మేలు.

రంగును చూసి గ్రీజును నిర్ణయించడం మరొక దురలవాటు. ఎరుపు, నీలం రంగులు తయారీదారులు కలిపేవి. వాటికి గుణంతో సంబంధం లేదు. నల్లగా ఉన్నది మాలిబ్డినం కావచ్చు, గ్రాఫైటూ కావచ్చు. లిథియం గ్రీజు మీద బంకమట్టి ఆధారిత గ్రీజును ఎక్కిస్తే రెండూ పొసగక, మెత్తబడి కారిపోవచ్చు. రకం మార్చేటప్పుడు పాతదాన్ని పూర్తిగా తొలగించాలి.

మాలిబ్డినం అన్నిటికీ మందు కాదు. క్రాసు కీళ్ళలోని సూది బేరింగులకు మంచి లిథియం గ్రీజు చాలు. ఘన కందెన అధికంగా ఉన్న పేస్టు వాటికి తగదు. ఘర్షణతో పనిచేసే క్లచ్చు పలకలకు ఏ గ్రీజూ తగలకూడదు. ‘మంచిది గనుక అంతటా పెట్టండి’ అన్న సలహా, సలహా లేకపోవడం కంటే మేలేమీ కాదు.

ఇన్ని రకాలు చిన్న రైతుకు భారమన్న అభ్యంతరం సహేతుకమే. అయితే స్ప్లైన్లకు పట్టే గ్రీజు స్వల్పం; ఒక చిన్న డబ్బా చాలాకాలం వస్తుంది. అదీ దొరకని చోట శుభ్రంగా, క్రమం తప్పక పెట్టిన మామూలు లిథియం గ్రీజు, ఏడాదికొకసారి పూసిన ఖరీదైన గ్రీజు కంటే మెరుగు. ఈ ప్రాధాన్యక్రమాన్ని రైతుకు చెప్పవలసింది విస్తరణ వ్యవస్థే.

అందుకు కొత్త పథకం అవసరం లేదు. యంత్ర సంరక్షణ కరపత్రాలలో గ్రీజు రకం, గ్రేడు, స్థానం, వ్యవధి అన్న నాలుగు గడుల పట్టికను, తయారీదారు సూచనలకు అనుగుణంగా చేర్చవచ్చు. అద్దె యంత్ర కేంద్రాలలో డ్రైవర్లు తరచు మారుతారు. అక్కడ ప్రతి పరికరానికి గ్రీజు నమోదు పుస్తకం ఉండాలి. కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలోనూ, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్లా అరిగిన షాఫ్టును, కొత్త షాఫ్టును పక్కపక్కన పెట్టి చూపితే ఉపన్యాసం అవసరం సగం తగ్గుతుంది. విద్యార్థుల ప్రయోగ తరగతులలో కీలు విప్పి, ఇంజను ఆపి తాళంచెవి తీసిన తరువాతే గ్రీజు పెట్టే పద్ధతిని చేయించాలి.

నాట్ల వేళ రోటవేటరు రెండు రోజులు ఆగితే నష్టపోయేది ట్రాక్టరు యజమాని ఒక్కడే కాదు. కాలువ నీటి వంతు దాటిపోయే కౌలురైతు కూడా. ఎరువుకూ మందుకూ ఉన్న ఖచ్చితత్వం గ్రీజు సిఫారసుకూ ఉండాలనడం అందుకే.