పావు అంగుళంలో శ్లేష

ఒంట్లో నలతగా ఉందని పైకి అన్నామా, ఇరుగుపొరుగులో వైద్యుడు కానివాడు ఉండడు. ఒకాయన శొంఠి అంటాడు, ఇంకొకాయన లంఖణం అంటాడు. అదే ఇంట్లో ఒక మర వదులైందని చెప్పి చూడండి! అందరూ ముక్తకంఠంతో "మెకానిక్కుకు ఇచ్చెయ్యండి" అని తప్పుకుంటారు. మన మధ్యతరగతి ఇళ్ళలో ఉండే ఆయుధసామగ్రి ఎంతని? ఒక సుత్తి, ఒక కటింగు ప్లయరు, పిడి వదులైన స్క్రూడ్రైవరు ఒకటి. ఈ మూడింటితోనే మన తండ్రులు సంసారాలు నెట్టుకొచ్చారు.

కాని మరలు మునుపటి మరలు కావు. తలమీద గాటు ఉన్న మరమేకులు వెనక్కి తగ్గి, తల నడుమ ఆరు పలకల కన్నం ఉన్న బోల్టులు ఇంటింటా ప్రవేశించాయి. పిల్లల సైకిలు చూడండి, విప్పి బిగించుకునే బల్ల చూడండి, చక్రాల కుర్చీ చూడండి, అన్నిటికీ అవే. వాటిని తిప్పే వంపు కడ్డీని ఎలన్ కీ అంటారు. వనస్పతి అంతా డాల్డా అయిపోయినట్టే, ఇదీ ఒక పేరులోంచి పుట్టిన మాట. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరవాసి విలియం ఎలన్ 1910లో ఇటువంటి మరలు తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అంతకు ముందు ఫ్యాక్టరీలలో గిరగిర తిరిగే ఇరుసుల మీద చక్రాలను పట్టి ఉంచే మరలకు నలుపలకల తలలు బయటికి పొడుచుకుని ఉండేవి. కూలివాడి చొక్కా చెయ్యి ఆ తలకు తగులుకుంటే మనిషినే లాగేసేది. తల లోపలికి వెళ్ళి, కన్నం మాత్రమే పైకి కనిపించే మర వచ్చాక ఆ గండం తగ్గింది. కనక, ఆరు పలకల ఈ చిన్న కన్నం నాజూకు కోసం పుట్టింది కాదు, ప్రాణం కోసం పుట్టింది. జర్మన్లు దీన్నే ఇన్‌బస్ అంటారు. అది 1936 నాటి మాట, అందులోనూ ఒక కంపెనీ పేరు దాగి ఉంది.

ఈ సంగతులన్నీ నాబోటి తెలుగు మేష్టరుకు ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. మా అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతున్నది, సైకిలు మీదే కాలేజీకి వెళ్ళివస్తుంది. దాని వెనక చక్రానికి డిస్కు బ్రేకు. ఆ బ్రేకును పట్టి ఉంచే బోల్టులు రెండే రెండు. అవి వదులైతే బ్రేకు పట్టదు. పట్టని బ్రేకుతో మా వీధి మలుపులో బస్సుకు ఎదురు వెళ్ళడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ బోల్టులు చక్రానికీ చట్రానికీ నడుమ ఇరుకులో ఉంటాయి. ఎలన్ కీ అందులో పూర్తిగా తిరగదు. ఆరో వంతు తిప్పి, బయటికి తీసి, మళ్ళీ కన్నంలో దూర్చి, మళ్ళీ ఆరో వంతు తిప్పాలి. ఇటువంటి చోటుకే రాచెట్ అనే పనిముట్టు ఉంది. దాని కడుపులో పళ్ళచక్రం, దాన్ని వెనక్కి పోనివ్వని చిన్న నాలుక ఉంటాయి. ముందుకు నెడితే బోల్టు తిరుగుతుంది, వెనక్కి లాగితే కటకటమని పిడి మాత్రమే వస్తుంది. 72 పళ్ళున్న రాచెట్ అయితే 5 డిగ్రీల చోటు చాలు, పని జరుగుతుంది. ఛందస్సులో గణాలు లెక్కపెట్టే అలవాటున్నవాణ్ణి, పళ్ళు లెక్కపెట్టడం ఎంత సేపు!

అటువంటి చిన్న రాచెట్, పావు అంగుళం దిమ్మె ఉన్నది, పది సాకెట్లతో సహా ఇంట్లో ఉంది. లేనిదల్లా దానికి తగిలించే ఎలన్ సాకెట్టు. దానికోసం ఒక శనివారం సికిందరాబాదు రాణీగంజ్ వెళ్ళాను.

"పావు అంగుళం ఎలన్ ఉందా?" అన్నాను.

కొట్టాయన నా చేతిలోని కళ్ళజోడు డబ్బా వైపు చూసి, "పావు అంగుళం ఏది సార్? నాలుగు పలకలదా, ఆరు పలకలదా? లేకపోతే ఎలన్ సైజే పావు అంగుళమా?" అన్నాడు.

చూశారా, ఎంత చక్కని శ్లేష! పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. రాచెట్ ముక్కున ఉండే నాలుగు పలకల దిమ్మె కొలత అదే. డ్రిల్లింగు మిషనుకు పెట్టే బిట్ల వెనక భాగం ఆరు పలకలు, దాని కొలతా అదే. ఇవి గాక అంగుళాల లెక్కలో పావు అంగుళం ఎలన్ అని ఒకటి వేరే ఉంది. ఒకే మాటకు మూడు అర్థాలు. ప్రబంధకవి అయితే దీనితో ఒక ఆశ్వాసం నడిపేవాడు. కొనేవాడు మాత్రం పనికిరాని వస్తువు పట్టుకుని ఇంటికి వెళతాడు.

మూడింటినీ విడదీసి అడిగాక అసలు ధరలు బయటపడ్డాయి. అర అంగుళం దిమ్మె ఎలన్ సాకెట్లు బుట్టెడున్నాయి, ఎందుకంటే కారు లారీ మెకానిక్కులు వాడేది అదే. పావు అంగుళానికి గిరాకీ తక్కువ, కనక విడిగా అమ్మరు. తొమ్మిది ముక్కల సెట్టు 950 రూపాయలు. విదేశపు పేరున్న రకమైతే ఒక్క ముక్కే 700 పైచిలుకు. అర అంగుళపుదే తీసుకుని, పెద్ద రాచెట్ ఒకటి కొనండి అని సలహా కూడా ఇచ్చాడు. గోటితో పోయేదానికి గొడ్డలి తీసుకోవడమే అవుతుంది. ఆ ఇరుకులో గొడ్డలి దూరదు కూడాను.

పక్క కొట్టులో కలగాపులగంగా పోసిన ఎలన్ ముక్కలు, ఏది తీసుకున్నా 30 రూపాయలు! మనసు లాగింది. కాని అందులో సగం అంగుళాల లెక్కవి. మన సైకిళ్ళ బోల్టులు మిల్లీమీటర్ల లెక్కవి. ఇక్కడే ఉంది అసలు ప్రమాదం. మా సైకిలు బ్రేకు బోల్టు కన్నం 5 మిల్లీమీటర్లు. అంగుళాల లెక్కలో దానికి దగ్గరగా కనిపించేది 3/16, అంటే 4.76 మిల్లీమీటర్లు. చేత్తో పెడితే సరిపోయినట్టే ఉంటుంది. బలం పెట్టేసరికి అంచులు జారి ఆరు పలకలూ అరిగి గుండ్రమైపోతాయి. అంతకు ముందు వారమే మా వీధి మెకానిక్కు ఒకడు అటువంటి కడ్డీతోనే ఆ రెండింటిలో ఒక బోల్టును గుండ్రం చేసి పెట్టాడు. 5/32, 5/16 అనేవి మాత్రం 4, 8 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తేడాలో ఉంటాయి. ఆ ధైర్యంతోనే అన్నీ ఒకటే అనుకుంటారు కాబోలు.

ఇంతకూ చవక దారి లేదా? ఉంది, ఒకటి కాదు, రెండున్నాయి.

మొదటిది బిట్ హోల్డరు. ఒక వైపు రాచెట్ దిమ్మెకు తగిలే నాలుగు పలకల కన్నం, రెండో వైపు బిట్ దూరే ఆరు పలకల కన్నం. అది 60 రూపాయలు. ఎలన్ బిట్లు ఒక్కొక్కటి 25 రూపాయలకు ప్రతి హార్డ్‌వేర్ కొట్టులోనూ దొరుకుతాయి. బిట్లలో 25 మిల్లీమీటర్ల పొడవువి, 50 మిల్లీమీటర్లవి ఉంటాయి. లోతున ఉన్న బోల్టుకు పొట్టివి అందవు. అయితే నడుమ ఒక అతుకు పెరిగింది గనక కొంచెం ఆట ఉంటుంది, మొత్తం పొడవూ పెరుగుతుంది. విశాలమైన చోట దీనికి మించిన బేరం లేదు. మా బ్రేకు ఇరుకులో మాత్రం అది దూరలేదు.

రెండోది ఆ రాణీగంజ్ కొట్టాయనే చెప్పాడు. వ్యాపారం పోతుందని తెలిసీ చెప్పాడు, అది ఆయన గొప్పతనం. "ఇంట్ల పాత ఎలన్ కీ ఉందా సార్? కొస అరిగినా ఫరవా లేదు, నడుమ కొత్తదే గద. ఒక ముక్క కోయించి, మీ సాకెట్ల అదే నంబరుదాంట్ల పెట్టుండ్రి" అన్నాడు. చూడండి, ఎంత సులభం! 5 మిల్లీమీటర్ల కడ్డీ 5 మిల్లీమీటర్ల సాకెట్టులో సరిగ్గా కూచుంటుంది. 4, 6, 8 కూడా అంతే. సాకెట్టు లోపల ఆరు పలకలదైతే మంచిది, పన్నెండు మూలలది అంత గట్టిగా పట్టదు. రంపంతో కోద్దామని చూడకండి, కడ్డీ గట్టి ఉక్కు, రంపం పళ్ళే పోతాయి. వెల్డింగు షాపులో గ్రైండరు మీద, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, మధ్యమధ్య నీళ్ళలో ముంచుతూ కొయ్యాలి. ఎర్రగా కాలితే ఉక్కు పదును పోయి మెత్తబడుతుంది. సాకెట్టులో అడుగంటా దిగి, బయటికి అవసరమైనంత కనిపిస్తే చాలు. మా వీధి చివర షాపులో కుర్రవాడు 20 రూపాయలు తీసుకున్నాడు. 950 ఎక్కడ, 20 ఎక్కడ!

అరిగిన బోల్టుకు కన్నంకన్న కాస్త పెద్దదైన టీ-30 నక్షత్రపు బిట్టును సుత్తితో మెల్లగా దిగేసి తిప్పితే ఊడి వచ్చింది. దాని స్థానంలో కొత్తది వేశాం. బిగించడానికీ ఒక కొలత ఉంది. ఇటువంటి బ్రేకు బోల్టుకు సాధారణంగా 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. మన భాషలో చెప్పాలంటే, జానెడు పిడి చివర సుమారు మూడు కిలోలు వేలాడదీసినంత బలం. అంతకు మించితే మర తెగుతుంది, తగ్గితే వదులవుతుంది. బిగించేముందు కన్నంలోని మట్టిని గుండుసూదితో తీసెయ్యాలి. మట్టి ఉంటే కడ్డీ పూర్తిగా దిగదు, పైపైన పట్టి జారుతుంది.

అదివరకు ఎక్కడో చదివినట్టు చవక అంటే తక్కువ ధర అని నిఘంటువు చెబుతుంది గాని, రాణీగంజ్ చెప్పే అర్థం వేరు. ఏ వస్తువు, ఏ కొలత, ఏ పేరు అన్నది తెలిసినవాడికే చవక. తెలియనివాడికి 30 రూపాయల ముక్క కూడా ఒక బోల్టు ఖరీదు అదనంగా వసూలు చేస్తుంది, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువే. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962లో వ్యవసాయ పదాలకూ, 1971లో చేనేత పదాలకూ కోశాలు వేశారు. ఊరూరా తిరిగి పనివాళ్ళ నోటి మాటలు సేకరించిన గ్రంథాలవి. పనిముట్టుకు పేరుండడం పండితుల ముచ్చట కాదు, పనివాడి అక్కర.

మీరు రేపు కొట్టుకు వెళ్ళేముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. రాచెట్ దిమ్మె ఎంత, బోల్టు కన్నం ఎంత, అది మిల్లీమీటరా అంగుళమా. సైకిలుకూ బల్లలకూ 4, 5, 6 ఉంటే చాలా పనులు జరిగిపోతాయి, 8 ఉంటే ఇంకా మంచిది. తక్కిన అయిదు ముక్కలు సెట్టులో అందంగా కనిపిస్తాయి, నిజమే. కాని వాటికి మీరిచ్చే డబ్బు అందానికేనని గుర్తుంచుకోండి.