పుంజు పెరటిది, బరిది కాదు

"గుడ్లకోసమే అయితే పుంజెందుకు, తిండి దండగ!" అన్న మాట గుడివాడ వీధుల్లోనూ బందరు పేటల్లోనూ వినబడుతూనే ఉంటుంది. ఆ మాటలో సగం నిజమున్నది. సగం నిజం పూర్తి అబద్ధంకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది గనుక, ముందా నిజాన్ని ఒప్పుకుని, ఆపైన మిగతా సగంతో పేచీ పెట్టుకుంటాను.

పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు. ఈడొచ్చిన పెట్ట పుంజు మొహం చూడకపోయినా గుడ్డు పెడుతుంది. పుంజు తగిలిన గుడ్డుకు బలమెక్కువన్నది వట్టి నమ్మకం. తినేవాడికి రెండూ ఒకటే. పైగా మన తీరపు ఎండల్లో పుంజు తగలని గుడ్డే ఎక్కువ రోజులు నిలుస్తుంది. తగిలిన గుడ్డులో వేసవి వేడికే పిండం కదిలి, సగంలో చచ్చి, గుడ్డు మురుగుతుంది.

ఇక కూత సంగతి. పుంజు వెలుగు చూసి కూయదనీ, ఒంట్లోని గడియారాన్నిబట్టి తెల్లవారకముందే మొదలుపెడుతుందనీ జపానులోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో చూపించారు. కాబట్టి గంపకింద మూసి చీకటి చేసినంత మాత్రాన అది ఆగదు. 2019లో ఫ్రాన్సులోని ఓలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు కూతమీద పొరుగువారు కోర్టుకెక్కితే, తీర్పు పుంజు పక్షానే వచ్చింది. కానీ మనకు కోర్టెందుకు? గోడవతల జబ్బుమనిషో, పరీక్షకు చదువుకునే పిల్లో ఉన్నప్పుడు పొరుగువారి నిద్రే పెద్ద తీర్పు. ఇరుకిళ్ళ మధ్య నాలుగు పెట్టలు పెంచుకునేవారికి పుంజు వద్దు. ఇందులో నాకు వాదం లేదు.

నా వాదమల్లా ఆ పట్నపు లెక్కను దివిసీమ పెరటికి అంటగట్టడం మీదనే. అవనిగడ్డ, మోపిదేవి, కోడూరు, నాగాయలంక పల్లెల్లో పెట్ట అంటే గుడ్లబుట్ట కాదు, పిల్లలతల్లి. నాటుపెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు ఏ యాభయ్యో అరవయ్యో. ఆ లెక్కన చూస్తే ఎవరైనా నష్టమనే అంటారు. దాని విలువ పొదగడంలో ఉన్నది. ఇరవయ్యొక్క రోజులు కూర్చుని లేపిన పిల్లలు, గద్దకూ జంగపిల్లికీ పోగా మిగిలినవి, ఆర్నెల్లకు సొమ్మవుతాయి. ఆ సొమ్ము ఇల్లాలిది. వడ్ల డబ్బుకు, రొయ్యల చెరువు డబ్బుకు మగవాడు లెక్క చూస్తాడు. కోళ్ళ డబ్బు ఆమెను ఎవరూ అడగరు. పుంజులేని పెరట్లో ఆ పెట్ట ఇరవయ్యొక్క రోజులూ మురుగు గుడ్లమీద తపస్సు చేసి లేస్తుంది. దండగన్నది ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

"పిల్లల్ని కొనుక్కోవచ్చుగా" అంటారు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ మంచి జాతులే. గ్రామప్రియ నాటుపెట్టకు మూడింతలు గుడ్లు పెడుతుంది, కాదనను. కానీ అవి పొదగడం చాలావరకు మరిచిన జాతులు. వాటి పిల్లల్లో తల్లి గుణాలు యథాతథంగా నిలవవు. అంటే ప్రతి విడతకూ చేయి చాచవలసిందే. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ సీమమీద విరుచుకుపడింది; 1990 మే నెలలో మళ్ళీ పెనుతుపాను ఈ తీరాన్నే ఊడ్చిపెట్టింది. ఇలాంటిచోట, దారులు తెగినప్పుడు, రెండు పెట్టలూ ఒక పుంజూ మిగిలిన ఇల్లు తన మందను తానే లేపుకోగలదు. ఇరవై పెట్టలుండి పుంజులేని ఇల్లు లేపుకోలేదు.

మరికొందరు "ఊళ్ళో ఎవరిదో ఒక పుంజు తిరుగుతూనే ఉంటుంది లెండి" అంటారు. అందరూ పాలు పోస్తారులే అని తలా చెంబెడు నీళ్ళు పోసిన కథ ఇదే.

ఆ తిరిగే పుంజు ఎలాంటిదో కూడా చూడాలి. పిల్లల్లో ఎత్తూ కాలిబలమూ ఉన్న పుంజుపిల్లను ముందుగానే ఏరి, విడిగా కట్టి, బాదంపప్పులు మేపి, డేగ అనీ కాకి అనీ నెమలి అనీ పేరుపెట్టి, సంక్రాంతికి కాలికి కత్తి కడతారు. మిగిలిన బక్కపుంజు పెరటికి తండ్రవుతుంది. మేలైనదాన్ని బరిలో చంపి నాసిదాన్ని విత్తనానికి ఉంచుకునే రైతు వరిలో ఉన్నాడా? విత్తనపు వడ్లను పేకాటలో ఒడ్డేవాణ్ణి ఊరు ఏమంటుంది?

"ఇది మన సంస్కృతి" అంటూ పలనాటి కథను అడ్డం పెట్టుకుంటారు. ఆ కథ సరిగా వినండి. కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ళు వలసపోయింది. చివరికి కారంపూడిలో వీరులందరూ నేలకొరిగారు. అది పందేన్ని మెచ్చిన కథా, హెచ్చరించిన కథా? జంతువులను పోట్లాటకు ఉసికొల్పడం 1960 నాటి చట్టం ప్రకారమే నేరం. పందేలను అరికట్టమని ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించింది. అయినా పండగ మూడు రోజులూ బరులు వెలుస్తూనే వచ్చాయి. ఆ బరిలో ఓడేది పుంజొక్కటే కాదు. ఇల్లాలి పెరడు కూడా.

కనుక చోటున్నవారికి నా మాట ఇది. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. రెండుంటే పెట్టల వీపున ఈకలు మిగలవు. ఆ ఒక్కటీ మీ మందలో అన్నిటికంటే మేలైనది కావాలి. ఏడాదికో రెండేళ్ళకో పొరుగూరి పుంజుతో మార్చుకోండి. తండ్రీ కూతుళ్ళ సంతానం నానాటికీ బలహీనమవుతుంది. కొక్కెర తెగులుకు మందు వేయించకుండా ఏ మందనూ నమ్మకండి. పండగకు ముందు రెట్టింపు ధర ఇస్తామంటూ గుమ్మంలోకి వచ్చేవాడికి ఇల్లాలే జవాబు చెప్పాలి, పుంజు ఆమెది. ఆమె "అమ్మను" అంటే ఇంట్లో మగవాడు నోరు మెదపకుండా ఉండటమే ఈ సంస్కృతికి మనం చేయగల మర్యాద.