విత్తనాల డబ్బుతో షేర్ల బేరమా?

మిర్చి అమ్మిన డబ్బు రైతు ఖాతాలో పడింది. ఆ ఖాతా ఫోన్‌లో నడిపేది కొడుకు. మూడు వారాలు తిరిగేసరికి లక్షా అరవై వేలలో పదకొండు వేలు మిగిలాయి. ‘‘వాడు తాగడు, పేకాట ఆడడు. షేర్లు కొంటున్నానన్నాడు. చదువుకున్నోడు కదా అని ఊరుకున్నా’’ అంటూ ఆ రైతు మా సంఘం ఆఫీసులో తల పట్టుకు కూర్చున్నాడు. ఆయన ఊరూ పేరూ ఇక్కడ అక్కర్లేదు. ఇలాంటి మాట ఇప్పుడు చాలా ఊళ్ళలో వినిపిస్తోంది.

షేర్లు కొనడమే తప్పని నేననను. కంపెనీలో వాటా కొనుక్కోవడం చట్టం ఒప్పుకున్న పనే. రైతుబిడ్డ కొనకూడదనే నియమమూ లేదు. కానీ కొత్తగా దిగేవాళ్ళంతా ‘ఏ షేరు కొనాలి’ అని అడుగుతున్నారే తప్ప ‘ఏ డబ్బుతో కొనాలి’ అని అడగడం లేదు. తప్పు మొదలయ్యేది అక్కడే.

మన చేతిలో ఆడే డబ్బుకు తేదీ ఉంటుంది. జూన్‌లో విత్తనాలు, ఆ వెనకే ఎరువులు, కౌలు, కూలీలు, బ్యాంకు గడువు. మార్కెట్‌కు ఈ తేదీలతో పనిలేదు. 2020 జనవరిలో సెన్సెక్స్ 42 వేల దాకా వెళ్ళింది. కరోనా భయంతో మార్చి 23న 26 వేలకు దిగువన ముగిసింది. తిరిగి పాత స్థాయికి చేరింది నవంబరులో. ‘ఓపిక పట్టినవాడికి నష్టం రాలేదు కదా’ అంటారు టీవీలో. ఉద్యోగికి ఆ మాట చెల్లుతుంది. ఖరీఫ్ పెట్టుబడిని అందులో పెట్టిన రైతు నవంబరు దాకా ఎలా ఆగుతాడు? అయినకాడికి అమ్ముకోవాలి, లేదా వడ్డీ వ్యాపారి గడప తొక్కాలి.

రెండో తప్పు అప్పు తెచ్చి కొనడం. దీనికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. సెన్సెక్స్‌ను 1978-79లో 100గా లెక్కిస్తారు. 2024 జూలైలో అది 80 వేలు దాటింది. డివిడెండ్లు వదిలేసి చూస్తే ఏడాదికి సుమారు 16 శాతం పెరిగినట్టు. అదీ 45 ఏళ్ళ సగటు. సగానికి సగం పడిన కాలాలు కూడా అందులో ఉన్నాయి. మన ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలైతే 36. ఇరవై నాలుగుకు తెచ్చి పదహారు కోసం పందెం కాసేవాడు ఎప్పటికి తేరుకుంటాడు? ‘పంట రుణం 4 శాతానికే వస్తుంది కదా’ అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. ఆ 4 శాతం గడువులోగా కట్టినవాడికే. మార్కెట్ పడి గడువు దాటితే వడ్డీ రాయితీ పోతుంది, వచ్చే పంటకు అప్పు పుట్టదు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదం. మన పిల్లలు షేర్లు కొంటున్నామని చెప్పి ఆడుతున్నది చాలాసార్లు ఫ్యూచర్స్, ఆప్షన్లు. షేరు కొంటే ధర పడినా వాటా మన పేరునే ఉంటుంది. ఆప్షన్ కొనడమంటే స్థలానికి బయానా ఇచ్చినట్టు. గడువులోగా ధర మనం అనుకున్నట్టు కదలకపోతే బయానా మొత్తం పోతుంది, స్థలమూ రాదు. ఆ గడువు ఒక్కోసారి వారమే. ఇక ఆప్షన్ అమ్మినా, ఫ్యూచర్స్ ఆడినా పెట్టిన దానికి మించి పోవచ్చు.

స్టాక్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్క చూడండి. 2021-22 నుంచి మూడేళ్ళలో కోటి మందికి పైగా చిన్న మదుపరులు ఈ ఆట ఆడితే నూటికి 93 మంది నష్టపోయారు. అందరిదీ కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా పోయింది. 2023-24లో ఆడినవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది తమ ఏడాది ఆదాయం 5 లక్షల లోపని చెప్పుకున్నవాళ్ళే. ఆ ఏడాది లాభం మూటగట్టుకున్నది సొంత డబ్బుతో ఆడే పెద్ద సంస్థలు, విదేశీ మదుపు సంస్థలు. వాళ్ళ తరఫున కొని అమ్మేది కంప్యూటర్లు. పొలం గట్టు మీద ఫోన్ పట్టుకున్న కుర్రాడు పోటీ పడుతున్నది వాటితో. పైగా గెలిచినా ఓడినా బ్రోకరేజి, పన్నులు, ఛార్జీలు కట్టాల్సిందే. ఆ మూడేళ్ళలో చిన్న మదుపరులు ఈ ఖర్చుల కిందే సుమారు 50 వేల కోట్లు కట్టారు. సరుకు ఏ ధరకు పోయినా యార్డులో కమీషన్ ఆగదని మనకు తెలియదా?

నాలుగోది గాలి మాటలు నమ్మడం. బిల్లు లేని విత్తనం కొనొద్దని మనం ఊరూరా చెబుతాం. అదే రైతు ఇంట్లో ముక్కూమొహం తెలియని వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపు చెప్పిన షేరు కొంటున్నారు. కొన్ని దొంగ యాప్‌లు తెర మీద లాభం చూపిస్తాయి. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటాయి. కట్టాక ఆ డబ్బూ పోతుంది. సలహా ఇచ్చేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మోసపోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయాలి.

ఇంకో భ్రమ ఉంది. పది రూపాయల షేరు చవకని, వెయ్యి రూపాయలది ఖరీదని అనుకుంటారు. పది లక్షల బావిని పదిమంది పంచుకుంటే వాటా లక్ష, వెయ్యిమంది పంచుకుంటే వెయ్యి. వాటా వెయ్యే కదా అని కొంటామా, బావిలో నీళ్ళున్నాయా అని చూస్తామా? నీళ్ళున్నాయని లోకమంతా నమ్మిన బావి కూడా ఎండిపోవచ్చు. 2009 జనవరి 7న హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌లో లెక్కలు బూటకమని ఛైర్మనే ఒప్పుకున్నాడు. ఆ ఒక్కరోజే షేరు ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. ఉన్నదంతా ఒకే కంపెనీలో పెట్టినవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

మన పిల్లలు అటు ఎందుకు పోతున్నారో కూడా ఒప్పుకోవాలి. ఆరు నెలలు చాకిరీ చేసిన పంట పెట్టుబడి కూడా తిరిగి తేకపోతే, ఒక్క పూటలో వెయ్యి రూపాయలు చూపించే ఫోన్ ఎవరినైనా లాగుతుంది. తిట్టి ఆపలేం. గిట్టుబాటు ధరకు చట్టబద్ధ హామీ కోసం మనం చేసే పోరాటానికి ఇదీ ఒక కారణమే.

అప్పటిదాకా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం. పంట పెట్టుబడి, అప్పు తెచ్చిన సొమ్ము, బంగారం తాకట్టు పెట్టిన సొమ్ము, భూసేకరణ పరిహారం మార్కెట్ గడప తొక్కకూడదు. కొనాలనిపిస్తే ఐదారేళ్ళు అవసరం లేని మిగులుతో, అదీ కొద్దికొద్దిగా, ఒకే కంపెనీలో కాకుండా పెట్టాలి. అలాంటి మిగులు లేకపోతే ఆ ఏడాదికి దూరంగా ఉండడమే మేలు. ఆప్షన్ల జోలికి అసలే వద్దు. ఖాతా ఎవరు నడిపినా నెలకోసారి లెక్క ఇంట్లో అందరి ముందూ పెట్టాలి. ఈ మాట వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో, ముఖ్యంగా యువకుల ముందు, చర్చకు పెట్టమని కార్యకర్తలను కోరుతున్నాను. ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్ళుంటే సిగ్గుపడి దాచుకోవద్దు. పోయినదాన్ని రాబట్టాలని మళ్ళీ అప్పు చేసి ఆడకముందే మా దగ్గరికి రండి.